ఆటకు ముందు జోస్యము, ఆట తరువాత జమాఖర్చు

జోస్యము చెప్పడము మానవునికి సహజము. చెప్పిన జోస్యమునకు లెక్క అప్పజెప్పడము మాత్రము మనలో అరుదు. ఫుట్‌బాల్ పోటీ ఉన్న రోజున హాస్టలు వరండాలోను, టీకొట్టు బల్లల దగ్గరను, పత్రికల క్రీడల పుటలలోను జోస్యాలకు కొదవ ఉండదు. ఏ జట్టు గెలుస్తుంది, ఎవరు గోలు కొడతారు, ఎవరి రక్షణశ్రేణి కూలుతుంది అన్న ప్రశ్నలన్నిటికి ఆటకు ముందే సమాధానాలు సిద్ధముగా ఉంటాయి. ఆట ముగిసిన మరునాడు అదే వరండాలో, అవే బల్లల దగ్గర, "నేను ముందే చెప్పలేదా?" అనేవారే అందరు. ముందురోజు పది విధాలుగా పలికినవారు మరునాటికి ఒకే మాట పలికినవారు ఎట్లా కాగలిగారు? ఈ చిన్న ప్రశ్నను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసము ఉద్దేశము.

ఉర్దూలో పేషీన్‌గోయీ అన్నా, తెలుగులో జోస్యమన్నా జరుగబోయేదానిని గురించిన మాటయే. ఇక జమా, ఖర్చు అన్న మాటలు మన రెండు భాషలవారికి సమానముగా సొంతము. దుకాణదారు ఏ రోజు లెక్క ఆ రోజు వ్రాయకపోతే దుకాణము నిలువదు. జోస్యము చెప్పేవాడు మాత్రము లెక్క వ్రాయకనే జీవితమంతా వ్యాపారము సాగించగలడు. ఆటకు ముందు అన్న మాటను కాగితముపై వ్రాసిపెట్టుకొని, ఆట తరువాత జట్టు ఆడిన తీరుతో పంక్తి పంక్తికి సరిచూచుకొనే అభిమానియే నిజమైన అభిమాని అని మా అభిప్రాయము. ఆ అలవాటు ఆటస్థలమును దాటి రావలసి ఉన్నదని కూడ మా అభిప్రాయము.

వ్రాసిపెట్టుకోవడము ఎందుకు, జ్ఞాపకము చాలదా అని కొందరు అడుగవచ్చును. జ్ఞాపకము నమ్మదగిన గుమాస్తా కాదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ రష్యా దేశాలకు వెళ్ళబోయే ముందు, ఆ పర్యటనలలో ఏయే సంఘటనలు జరుగగలవో, ఒక్కొక్కదానికి ఎంత అవకాశము ఉన్నదో కొందరు విద్యార్థులచేత అంకెలలో వ్రాయించారు. పర్యటనలు ముగిసిన తరువాత, మీరు అప్పుడు ఏ అంకె వేశారో గుర్తు తెచ్చుకొని చెప్పుడని అడిగారు. నిజముగా జరిగిన సంఘటనలకు తాము వేసిన అంకెకంటె పెద్ద అంకెను వేసినట్లు వారిలో ఎక్కువమంది చెప్పారు. బారూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించిన పరిశోధన ఇది. ఆ విద్యార్థులు అబద్ధమాడలేదు. జరిగినదాని వెలుగులో జ్ఞాపకము తనను తానే దిద్దుకొన్నది. కనుక "నేను ముందే చెప్పాను" అనేవాడు మోసగాడు కానక్కరలేదు. అతడు తన జ్ఞాపకముచేత మోసపోయినవాడు. దీనికి విరుగుడు ఒక్క కాగితము, దానిమీద తేదీ.

ఫుట్‌బాల్ ఈ పరీక్షకు అనువైన ఆట. క్రికెట్టులో వందల పరుగులు ఉంటాయి. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలకు రెండు మూడు గోల్స్ పడితే గొప్ప. బంతి స్తంభమునకు తగిలి లోపలకు పోవచ్చును, బయటకు పోవచ్చును. ఆ అంగుళములో ఆట తారుమారు కాగలదు. అందువలన బాగా ఆడిన జట్టు ఓడడము, నాసిగా ఆడిన జట్టు గెలవడము ఈ ఆటలో తరచుగా చూస్తాము. ఫలితమును మాత్రమే చూచి జోస్యమును సరిచూచుకొనేవాడు అదృష్టమును జ్ఞానమనుకొనే ప్రమాదము కలదు. చెప్పిన కారణము, జట్టు ఆడిన తీరు ఈ రెండింటిని పక్కపక్కన ఉంచి చూడాలి. అట్లా చూచినప్పుడు జోస్యాలు నాలుగు తెగలవుతాయి. కారణము సరియై ఫలితము కూడ సరియైనది మొదటిది. కారణము తప్పియు ఫలితము కుదిరినది రెండవది. దీనినే మన పెద్దలు కాకతాళీయమన్నారు. కారణము సరియైనా ఫలితము తప్పినది మూడవది. రెండును తప్పినది నాలుగవది. మనము చప్పట్లు కొట్టేది మొదటి రెండింటికి, నవ్వేది చివరి రెండింటికి. బుద్ధిమంతుడు రెండవదానిని చూచి భయపడతాడు. మూడవదానిని చూచి ధైర్యము కోల్పోడు.

ఇందుకు ఇంగ్లండులోని లీస్టర్ సిటీ జట్టు చరిత్రకంటె మంచి ఉదాహరణము మాకు కనపడలేదు. 2014-15లో ఆ జట్టు ప్రీమియర్ లీగు పట్టికలో నెలల తరబడి అట్టడుగున పడి ఉండి, చివరి తొమ్మిది ఆటలలో ఏడింటిని గెలిచి, 14వ స్థానముతో ప్రాణము దక్కించుకొన్నది. ఆ వేసవిలో మేనేజరును తొలగించారు. కొత్తగా వచ్చిన ఇటలీ దేశస్థుడు క్లాడియో రానియేరి, అంతకు ముందు గ్రీసు జాతీయజట్టుకు శిక్షకుడుగా ఉండి, చిన్న ఫారో దీవుల చేతిలో సొంత గడ్డపై ఓడి ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు. అందువలన 2015-16 ఆరంభములో ఈ జట్టు దిగువ శ్రేణికి జారిపోతుందని చాలామంది విమర్శకులు వ్రాశారు. లీస్టర్ ఛాంపియన్ అయితే ఒక పౌనుకు 5000 పౌనులు ఇస్తామని పందెపు కంపెనీలు ధర కట్టాయి. 2016 మే 2వ తేదీన చెల్సీ, టాటెన్‌హామ్ జట్ల ఆట 2-2గా ముగియడముతో లీస్టర్ ఛాంపియన్ అయినది. 38 ఆటలలో 23 గెలుపులు, 12 సమానాలు, మూడే ఓటములు, 81 పాయింట్లు. రెండవ స్థానములోని ఆర్సెనల్‌కంటె పది పాయింట్లు ఎక్కువ.

ఈ కథను అద్భుతమని చెప్పి ముగించడము వాడుక. లెక్క వ్రాసే అభిమాని అంతటితో తృప్తిపడడు. ఆరంభములో చెప్పిన జోస్యము తప్పినా, దాని వెనుక ఉన్న కారణాలు అవివేకమైనవి కావు. అది మన మూడవ తెగకు చెందినది. అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలవుతుంది. మొదటి తొమ్మిది ఆటల పుటను తెరచి చూడండి. లీస్టర్ నాలుగింటిని గెలిచి, నాలుగింటిని సమానము చేసి, ఆర్సెనల్ చేతిలో 5-2తో ఒకదానిని ఓడినది. పందొమ్మిది గోల్స్ కొట్టి, పదిహేడు గోల్స్ ఇచ్చినది. ఒక్క ఆటలో కూడ గోలు ఇవ్వకుండా ఉండలేకపోయినది. ఫలితము మాత్రమే చూచినవాడు "భేష్" అని ఉంటాడు. తీరు చూచినవాడు, దాడి పదునుగా ఉన్నది, ఇల్లు మాత్రము కారుతున్నది అని వ్రాసుకొని ఉంటాడు. రానియేరి చూచినది ఈ రెండవదానినే. గోలు ఇవ్వకుండా ఆట ముగిస్తే పిజ్జాలు తినిపిస్తానని ఆటగాళ్ళకు మాట ఇచ్చాడు. అక్టోబరు 24న జరిగిన పదవ ఆటలో క్రిస్టల్ ప్యాలెస్‌పై 1-0తో గెలవగా మాట నిలబెట్టుకొన్నాడు. తక్కిన 29 ఆటలలో ఆ జట్టు ఇచ్చిన గోల్స్ మొత్తము పందొమ్మిది. మార్చి, ఏప్రిల్ నెలలలో నాలుగు ఆటలను వరుసగా 1-0తోనే గెలిచినది. బంతిని సగముకంటె తక్కువ సేపు తన వద్ద ఉంచుకొని, కాంటే అడ్డుకొని అందించగా, మహ్రెజ్ నేర్పుతో, వార్డీ వేగముతో ఎదురుదాడి చేయడము ఆ జట్టు పద్ధతి. ఈ మార్పు పుటపుటకు కనపడుతూనే ఉన్నది. ఆగస్టు నాటి జోస్యమును డిసెంబరులో దిద్దుకొన్నవాడు తెలివిగలవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని, ఈ వారము కాకపోతే వచ్చే వారము కూలుతుందని ఏప్రిల్ దాక అన్నవారు లెక్క చూడనివారు.

మరుసటి సంవత్సరము ఇంకొక పాఠము కలదు. ఛాంపియన్ కదా అని లీస్టర్‌ను నెత్తికెత్తుకొన్న వారి జోస్యము కూడ తప్పినది. 2016-17లో ఆ జట్టు 12వ స్థానములో ఆగినది. రానియేరిని 2017 ఫిబ్రవరిలోనే పంపివేశారు. అంతకు ముందు ఏడు పదవ స్థానములో ఉన్న చెల్సీ ఆ ఏడు ఛాంపియన్ అయినది. నిన్నటి పట్టికను రేపటి పట్టిక అనుకోవడము జోస్యము కాదు, నకలు వ్రాయడము.

మన ఊరి చరిత్ర కూడ ఇదే చెప్తున్నది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో మొదటి ఏడు పది పాయింట్లతో చివరి స్థానములో నిలిచినది. మూడవ ఏడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్దా మైదానములో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా సమానముగా నిలిచి, పెనాల్టీలలో 3-1తో గెలిచి ఛాంపియన్ అయినది. ఆ నాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలను ఆపాడు. మరుసటి ఏడు పట్టికలో రెండవ స్థానము. ఆ తరువాతి 2023-24లో 22 ఆటలకు ఒకే ఒక్క గెలుపుతో మరల చివరి స్థానము. పాత పట్టికలు మాత్రమే చూచిన అభిమాని ఈ పతనమును ఊహించలేడు. ఏలననగా కారణము మైదానములో లేదు, క్లబ్బు ఖాతా పుస్తకములో ఉన్నది. జీతాలు నిలిచాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. ఆటగాడి కాలిని చూచి జోస్యము చెప్పేవాడు అతని ఇంటి పొయ్యిని కూడ చూడాలని ఈ ఉదంతము నేర్పుతున్నది.

ఈ సందర్భములో మన హైదరాబాదు ఉపాధ్యాయుడు, భారతజట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను స్మరించడము మా విధి. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినది. ఆ నాడు జోస్యము అడిగితే పతకము రాదనేవారే ఎక్కువమంది అయి ఉంటారు. రహీమ్ ఆ ఓటమిని తీర్పుగా కాక, సమాచారముగా తీసుకొన్నాడు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందుకు జరిపి దాడిలో నిలిపాడు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణపతకము తెచ్చారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగుదే. అప్పటికే కాన్సర్ వ్యాధితో ఉన్న రహీమ్ 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఓటమిని చదువగల కన్ను ఉపాధ్యాయుని కన్ను.

లెక్క వ్రాయడము ఎట్లాగన్న ప్రశ్న మిగిలినది. దీనికి మంచి పద్ధతి ఫుట్‌బాల్ నుండి కాక వాతావరణశాస్త్రము నుండి వచ్చినది. అమెరికా వాతావరణశాఖకు చెందిన గ్లెన్ బ్రయర్ 1950లో దీనిని ప్రతిపాదించాడు. "గెలుస్తుంది" అని ఊరక అనక, నూటికి ఎంత అవకాశమో చెప్పాలి. నూటికి డెబ్బది అన్నాము, అనగా 0.7. జట్టు గెలిస్తే దానిని 1గా, గెలవకపోతే 0గా తీసుకొని, తేడాను తేడాతో గుణించాలి. గెలిస్తే తేడా 0.3, తప్పు మార్కు 0.09. గెలవకపోతే తేడా 0.7, తప్పు మార్కు 0.49. ఎప్పుడును సగము సగము అనేవానికి ప్రతి ఆటకు 0.25. నూటికి నూరని గర్వముగా పలికి తప్పినవానికి నిండుగా ఒకటి. ఏడాది చివర సగటు తీస్తే, తక్కువ మార్కు వచ్చినవాడే మంచి జోస్యుడు. తెలియని చోట తెలిసినట్లు పలికితే ఈ లెక్క శిక్షిస్తుంది. తెలిసిన చోట జంకితే అప్పుడును శిక్షిస్తుంది. బి.ఎ. విద్యార్థి కూడ పది నిమిషాలలో నేర్వగలడు.

లెక్క వ్రాసినంత మాత్రాన సరిపోదన్న హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. ఇంగ్లండు వైమానికదళములో పనిచేసిన చార్లెస్ రీప్ 1950 మార్చి నుండి దశాబ్దాల తరబడి ఫుట్‌బాల్ ఆటలలోని ప్రతి కదలికను కాగితముపై ఎక్కించాడు. గోల్స్‌లో ఎక్కువభాగము మూడు నాలుగు పాస్‌లలోపు ముగిసిన దాడుల నుండి వచ్చాయని చూచి, బంతిని దూరముగా తన్నడమే మేలని నిర్ణయించాడు. అసలు ఆటలో ఎక్కువ దాడులు మూడు నాలుగు పాస్‌లలోపే ముగుస్తాయి గనుక గోల్స్ కూడ వాటిలోనే ఎక్కువ ఉంటాయని తరువాతివారు ఎత్తిచూపారు. లెక్క సత్యమే, తీర్పు తొందరది. అందువలన లెక్కపుస్తకమును పదిమంది ముందు ఉంచాలి. తప్పు పట్టేవానిని శత్రువుగా చూడరాదు.

లెక్కలు వేస్తే ఆటలోని ఆనందము పోదా అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. పోదు. గుండె తన జట్టు వైపు, కలము సత్యము వైపు ఉండవచ్చును. తన జట్టు గెలవాలని ప్రార్థించేవాడు, గెలుస్తుందని వ్రాయవలసిన పని లేదు. కోరికను జోస్యముగా వ్రాయడమే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెతకు ఉదాహరణము. ఇక జోస్యమునకు డబ్బు ముడిపెట్టేవారికి ఒక మాట. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ రాష్ట్రము 2017లోనే చట్టముచేత నిషేధించినది; 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై పార్లమెంటు కూడ చట్టము చేసినది. చట్టమును పక్కన పెట్టినా, పందెగాడు గెలిచిన రోజును చాటి, ఓడిన పది రోజులను దాచేవాడు. అతనికి లెక్కపుస్తకము చూపితే అతని వ్యసనమే ముందుగా సిగ్గుపడుతుంది.

ఇక అసలు విషయము. జోస్యము తప్పిందని ఒప్పుకొని పద్ధతి మార్చుకోవడము పెద్ద సంస్థలకు చిన్నతనము కాదు. 2002లో నైరుతి ఋతుపవనాలు సగటులో 101 శాతము వర్షమిస్తాయని భారత వాతావరణశాఖ చెప్పగా, 81 శాతమే కురిసి దేశము కరువు పాలైనది. తన జోస్యము, కురిసిన వాన పక్కపక్కన అంకెలలో ఉన్నందువలననే ఆ శాఖ 2003లో తన గణితపద్ధతిని మార్చగలిగినది. విద్యాసంస్థలు ఈ పని చేస్తున్నవా? వార్షికోత్సవ సభలలో వచ్చే సంవత్సరపు ఉత్తీర్ణతాశాతమును, ఉద్యోగాలను గురించి ఉత్సాహముగా పలుకుతాము. మరుసటి వార్షికోత్సవములో నిరుటి మాటను చదివి వినిపించేవారు ఉండరు.

ఇంతకంటె బరువైన జోస్యము ఇంకొకటి కలదు. ఉర్దూ మాధ్యమమునుండి వచ్చిన పిల్లవాడు ఆంగ్ల పరీక్షలలో నెగ్గలేడని, పల్లెనుండి తెలుగు మాధ్యమములో వచ్చిన బాలిక మొదటి సంవత్సరము దాటదని, చివరి బెంచీవానికి చదువు రాదని చేరిక నాడే పలికేవారు ప్రతి కళాశాలలో ఉంటారు. ఆ జోస్యాలను మూడేండ్ల తరువాత తిరిగి తెరచి చూచేవారు అరుదు. తప్పినవి మరపున పడతాయి, కుదిరినవి అనుభవమని పేరు తెచ్చుకొంటాయి. పైగా ఫుట్‌బాల్‌కు, తరగతికి ఒక తేడా ఉన్నది. తమ జట్టుకు కట్టిన ధరను చూచి లీస్టర్ ఆటగాళ్ళు ఆడడము మానలేదు. పద్దెనిమిదేండ్ల విద్యార్థి మాత్రము గురువు నోటి మాట విని చదువు మానగలడు. అప్పుడు ఆ జోస్యము ఫలించిందనుకోరాదు. అది తన ఫలితమును తానే తెచ్చుకొన్నది.

కనుక మా విన్నపము ఇది. కమిటీవారు ఒక రిజిస్టరును ఏర్పాటు చేయించాలి. విద్యాసంవత్సరారంభములో ఒక్కొక్క తరగతిని గురించి ఉత్తీర్ణతాశాతము, మధ్యలో చదువు మానేవారి సంఖ్య, పై చదువులకు పోగలవారి సంఖ్య అధ్యాపకులచేత అంకెలలో, కారణాలతో వ్రాయించి ముద్రవేసి ఉంచాలి. విద్యార్థుల పేర్లు అందులో ఉండరాదు. ఏ విద్యార్థి చెవిని అది పడరాదు. ఫలితాలు వచ్చిన నాడు తెరచి, రెండింటిని పక్కపక్కన ఈ వార్షికసంచికలోనే ముద్రించాలి. తప్పినవారిని నిందించడానికి కాదు. ఎక్కడ ఇల్లు కారుతున్నదో తెలుసుకోవడానికి. చదువు మానినవారి సంఖ్య అనుకొన్నదానికంటె పెరిగితే, కారణము తరగతిలో ఉన్నదా, ఫీజు గుమాస్తా కిటికీ దగ్గర ఉన్నదా, ఇంటి పొయ్యి దగ్గర ఉన్నదా అని అప్పుడు వెతుకవచ్చును.

విద్యార్థులకు మా సలహా ఇంకను సులభము. రెండణాల కాగితమైనా చాలునని వెనుకటివారు అనేవారు. నేడు ఒక నోటుబుక్కు చాలును. వచ్చే ఆటకు ముందు మీ జట్టును గురించి మూడు వాక్యాలు, ఒక అంకె వ్రాయండి. ఆట తరువాత ఫలితముకంటె ముందు ఆటతీరును వ్రాసి, అప్పుడు మీ వాక్యాలను చదవండి. ఒక ఏడాది ఈ పని చేసినవానికి ఫుట్‌బాల్ ఎంత తెలుస్తుందో ఏమోగాని, "నాకు తెలుసు" అనడానికి, "నాకు అనిపిస్తున్నది" అనడానికి గల దూరము తెలుస్తుంది. ఆ దూరము తెలిసినవానినే విద్యావంతుడని పిలువదగును.